పుట్టి

వేల్స్‌లో, తైవీ నది మీద
పుట్టిలో ఒక్కడే పడతాడు.
విల్లో బద్దల అల్లిక, తారు పూసిన గుడ్డ.
నీళ్ల మీద అది మనిషిని మోస్తుంది,
గట్టెక్కాక మనిషి దాన్ని వీపున మోస్తాడు.
దూరం నుంచి చూస్తే తాబేలు నడిచొస్తున్నట్టు.
ఇయెస్టిన్ వాళ్ల తాత వాటిని కట్టేవాడు.
మా కంపెనీకి అందుకే ఆ పేరు.

కార్డిగన్‌లో, వేయించిన చేపలమ్మే కొట్టు పైన ఒక గది.
వాడు కోడు రాసేవాడు, నేను ఉత్తరాలకు జవాబులు.
మా కోట్లకి ఎప్పుడూ నూనె వాసన.
నూటికి ఐదు మాకు.
తొంభై ఐదు పాడేవాళ్లకి, గీసేవాళ్లకి,
ఏదో ఒకటి చేయకుండా ఊరుకోలేనివాళ్లకి.

నోన్ బెవన్ వాన చప్పుడు రికార్డు చేసేది.
పలకరాతి కప్పు మీద వాన,
మూతపడ్డ చర్చి రేకుల మీద వాన,
గొర్రె వీపు మీద వాన
(దానికి చప్పుడుండదని మీరనుకుంటారు).
రెండు వందల పద్నాలుగు మంది
నెలకు రెండేసి పౌండ్లు ఆవిడ వానకి శిస్తు కట్టేవాళ్లు.
స్వాన్‌సీ నుంచి టెగ్వెన్ ప్రోబర్ట్, రిటైరైన లెక్కల టీచరు, రాసింది:
"ఆయన పోయాక నిద్ర లేదు.
మూడో నంబరు వాన పెట్టుకుంటే రెండు గంటలు పడుతోంది."
ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద అంటించాం.

లండన్ నుంచి ఒట్టిలీ వచ్చింది.
మంచి మనిషి. బురదలో బూట్లు పాడైనా ఏమనలేదు.
గోడకున్న పుట్టిని తట్టి అడిగింది,
"ఎంతమందిని మోస్తుంది?"
"ఒక్కణ్ణి."
నవ్వింది. "అదే కదా సమస్య."

కోటీ ఎనభై లక్షల పౌండ్లు.
ఆ రాత్రి బల్లెక్కి గెంతాం.
అబద్ధమెందుకు, ముందెక్కింది నేనే.

ఐదు ఎనిమిదైంది. ఎనిమిది పన్నెండైంది.
"మీకు మరింత మెరుగైన సేవ కోసం" –
ఆ వాక్యం నాదే. కాఫీ చల్లారేలోగా రాశాను.
రెండు పౌండ్ల మెట్టు తీసేశాం,
ఇకనుంచి కనీసం ఐదు.
పెద్ద గొంతులు పైకి తేలాయి,
నోన్ వాన పదిహేడో తెర కిందకి దిగింది.
వారానికి మూడు వానలు పెట్టమని
మా యంత్రం ఆవిడకి సలహా పంపింది.
"ఏప్రిల్‌లో ఇక్కడ కూడా ఎండ కాస్తుంది," అని జవాబు.
రెండు వందల పద్నాలుగు, నూట ముప్పై, అరవై ఒకటి.

పుట్టి మునిగింది అంటారు చూడండి,
మాది మునగలేదు.
పెరిగింది. ఓడైంది.
నదే సరిపోవడం లేదు.

ఒక రాత్రి, నిద్ర పట్టక,
ఒట్టిలీ డబ్బు ఎవరిదో వెనక్కి తవ్వుకుంటూ పోయాను.
ఆవిడ వెనక ఒక నిధి, ఆ నిధి వెనక ఇంకొకటి,
అన్నిటికీ అడుగున ఉపాధ్యాయుల పింఛను.
టెగ్వెన్ పింఛను.
ఈ చేత్తో నెలకు రెండు పౌండ్లిచ్చి,
తనకే తెలియని మరో చేత్తో
ఏడేళ్లలో పదింతలు తెమ్మంటోంది ఆవిడే.
పొద్దున్నే ఫోను చేశాను.
హలో అంది. వెనకాల వాన.
మూడో నంబరో, నిజం వానో తేల్చుకోలేక
పెట్టేశాను.

నోన్ ఇప్పుడు సీడీలు పోస్టులో పంపుతోందట.
కవర్లో అట్టకి అంటించిన రెండు పౌండ్ల బిళ్ల వస్తుందట, తిరుగు టపాలో.
అందులో నూటికి ఎంత అని ఎవరూ అడగరు.

నా వాటా కాగితం సొరుగులో ఉంది.
వచ్చే ఏడు అమ్ముకోవచ్చు. అమ్ముతాను కూడా.

తాత పుట్టి లండన్ ఆఫీసులో వేలాడుతోంది,
దాని కింద చిన్న దీపం.
తడిసి మూడేళ్లు.
మొన్న వెళ్లినప్పుడు వేలితో నొక్కి చూశాను,
తారు పెచ్చులుగా రాలింది.